గుడ్డు పెంకులు

ఏటలా సూస్తావు రాధికా? నువ్వు పోయి రెండేళ్లయినాది, ఇంకా ఆ వంటింటి గుమ్మంలోనే నిలబడతావేటి! లోపలికి రావద్దన్నది నేనే, అవును. ఒంట్లో హెచ్ఐవీ ఉన్న కోడలు నా పొయ్యి ముట్టుకోకూడదన్నాను. ఆ రోగం తెచ్చినోడు నా కొడుకేనని తెలిసీ అన్నాను. సాలా?

నీ కూతురి సంగతి సెప్తాను, ఇను.

సింధూరికి తొమ్మిదేళ్లొచ్చాయి. నీ రోగమే దానికీ వచ్చింది కదా, మందు ఒక్క పూట తప్పలేదు, ఒట్టు! బరువే... పోయిన నెల పద్దెనిమిది కేజీలు, ఈ నెల పదిహేడు. విజయనగరంలో డాక్టరమ్మ ఊరుకుంటాదేటి? "మందు పని మందు సేస్తాది, తిండేదీ మామ్మగారూ?" అని నిలదీసింది.

ఆ హేమ లేదూ, ఇలాంటి పిల్లలకి బలం తిండి తెచ్చే అమ్మాయి? ఈదిలో అందరికీ మా సుట్టమని సెప్పుకున్నాన్లే. నెలనెలా రాగిపిండి, పల్లీ ఉండలు, ఒక అట్ట గుడ్లు ఇచ్చి పోతాది. పిండి పెట్టాను, ఉండలు పెట్టాను. గుడ్లు మాత్రం మన కొట్లో మూటలు మోసే కూర్మయ్యకి ఇచ్చేసాను.

తరతరాలుగా నీసు తగలని ఇల్లు కదే మనది! "గుడ్డు తింటే సామికి కోపమొస్తాది" అని పిల్లకి నేర్పాను. బళ్లో పెట్టినా వద్దనమన్నాను.

నిన్న భయమేసి నేనే ఉడకబెట్టాను. నా సేత్తో ఒలిసి నోటికందిస్తే, పెదాలు బిగబట్టేసింది!

"వద్దు మామ్మా. సామికి కోపమొచ్చి అమ్మని తీసుకుపోయాడు కదా, నన్నూ తీసుకుపోతాడు."

విన్నావా?

నిజం సెప్పనా? సామీ కాదు, ఆచారమూ కాదు. సెత్తబుట్టలో గుడ్డు పెంకులు కనబడితే ఈది ఊరుకుంటాదా? ఈళ్లింట్లో గుడ్లెవరికి, ఎందుకు అని ఆరా తీస్తారు. పిల్ల రోగం ఒక్కరికి తెలిస్తే సాలు, గజపతినగరంలో మన కొట్టుకి పప్పు కొనడానికి ఎవరొస్తారే? అదీ నా భయం. దానికి సామి పేరు పెట్టాను.

ఈ మాట పిల్లకి సెప్తే తినేస్తాది, తెలుసు. తిన్నాక నన్నెలా సూస్తాది? ఆ సూపుకి ఓర్సుకోలేనే తల్లీ. గుడ్డు పళ్లెంలోనే సల్లారిపోయింది.

బతికున్న పిల్లకి సెప్పాల్సిన మాట, సచ్చిపోయినదానివని నీకు సెప్తన్నాను.