నలభై మంది ఒకే గంటలో నేర్చిన పాఠం

ఇందాక షిఫ్టు దిగాక గేటు ఎదుటి టీ కొట్లో మీరూ ఉన్నారు. ఏం చూశారో చెప్పండి. నీళ్లు నమలకండి. మన ట్రైనింగ్ ఆఫీసరు, అదే మనం గ్రాఫుల సారు అనే పెద్దమనిషి, బెంచీ నడుమ కూర్చుని కోసిన కోతలన్నీ మీరూ విన్నారు. నా పక్కన నా మేనకోడలు ఉంది. చేరి నాలుగు రోజులు. రేపు పొద్దున రేకులు కోసే మిషన్ మీద ఒంటరిగా నిలబడాలి. ఎందుకంటే ట్రైనింగ్ పూర్తయిన వాళ్ల జాబితాలో దాని పేరుంది.

"నేనొచ్చేనాటికి ఇక్కడేముంది? ఒక బోర్డు, దాని ముందు కునికే జనం," అని మొదలెట్టాడు సారు. "నేనేం చేశానూ, పాఠాలన్నీ ఫోన్లలో పెట్టి, ఎవరు ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగారో డేటా తీశా. అంతే. నాకది చిన్న పని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా ఆ డేటా మనుషుల్ని చదవడం మొదలెట్టింది. వెల్డరుకి నడుంనొప్పి వస్తుందని మూడు రోజుల ముందే చెప్పింది, వచ్చిందా లేదా?"

"నాకది పదేళ్లుగా ఉంది సారూ," అన్నాడు వెల్డరు.

"చూశావా, పదేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు. ఇక మంగళవారం సంగతి వినండి. మిషన్ దగ్గర జాగ్రత్తల పాఠం. నలభై మందీ ఒకే గంటలో పూర్తిచేశారు, అందరికీ నూటికి నూరు. ఒకరి తర్వాత ఒకరు, గడియారం పెట్టినట్టు ఒకే తేడాతో. హెడ్డాఫీసు వాళ్లు ఆ గ్రాఫు చూసి కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. కళ్లద్దాలు పగిలి వారంగా అక్షరం చదవలేని ఫిట్టరుక్కూడా నూరే. అంటే నా పద్ధతిలో చదువు ఎక్కడానికి కళ్లు కూడా అక్కర్లేదన్నమాట."

నాకక్కడే అనుమానం తగిలింది. నాకూ నూరే వచ్చాయి. నేనా పాఠం తెరిచి చూడలేదు.

"ఇప్పుడు మిషన్లకీ నేర్పుతున్నా," అంటున్నాడాయన. "చెయ్యి అడ్డొస్తే బ్లేడే మొహమాటపడి ఆగిపోతుంది. రెండేళ్లు ఆగండి, మీ మనవలు సర్టిఫికెట్ చేత్తో పట్టుకునే పుడతారు."

గేటు వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టాడు. "సారూ, లోపలికి ఫోన్లు తేకూడదని రూలు పెట్టిందెవరు?"

"నేనే."

"పన్నెండు లోపు పాఠం పూర్తికాకపోతే గైర్హాజరు అని మెసేజ్ పెట్టిందో?"

"అదీ నేనే. అయితే?"

"అప్పటికి నలభై ఫోన్లూ నా గదిలో పెట్టెలో ఉంటాయి. అందరూ పాస్‌వర్డు చెప్పి లోపలికి పోయారు. బల్ల మీద వరసగా పేర్చి నేనే నొక్కా. మొదటి ఫోన్లో నాలుగుసార్లు జవాబు తప్పయింది. తర్వాత జవాబులు కంఠతా వచ్చేశాయి. నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే సారూ. ఆ మిషన్ ఎలా ఉంటుందో నేనింతవరకూ చూడలేదు."

నా మేనకోడలు మెల్లిగా అడిగింది: "మామయ్యా, బ్లేడు దిగుతుంటే ఆపే బొత్తాం ఏ పక్కనుంటుంది?"

సారు లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. "జాబితా హెడ్డాఫీసుకి వెళ్లిపోయిందమ్మా, ఇప్పుడు మార్చడం కుదరదు," అంటూ వెళ్లిపోయాడు.

ఆయన్నొక్కణ్ణే తిట్టి ఊరుకుందామంటే నాకు మనసొప్పడం లేదు. ఎందుకని అడక్కుండా పాస్‌వర్డు చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. రేపు షిఫ్టు మొదలవకముందే మేనేజరు గదికి వెళ్లి, ఆ నూరు నావి కావు, మళ్లీ మిషన్ పక్కన నిలబెట్టి నేర్పండి, అప్పటిదాకా ఈ పిల్లని దాని ముందుకి పంపకండి అని చెప్తాను. నేనొక్కణ్ణే అంటే ముసలాడి చాదస్తం అని కొట్టిపారేస్తారు. జాబితాలో మీ పేరూ ఉంది.

మీకొచ్చిన నూరు మీవేనా?