నాలుగో బండి, ఏడో బండి

అందరూ నన్ను కంట్రోల్ రూమ్ అక్క అంటారు. వయసు యాభై రెండు. అంబులెన్సులు పంపే గదిలో పర్యవేక్షకురాలిని. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. ఇన్‌స్పెక్టర్ గారు అడగ్గా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

మా దగ్గర ఒక్కో బండి ఎటు వెళ్లాలో దాని డ్రైవరుకు ఒక్కో కృత్రిమ మేధ ఏజెంటు చెబుతుంది. మొదట్లో వాటన్నిటి మీద ఒక పెద్ద ఏజెంటు ఉండేది. దాని మాట ఏ బండీ జవదాటేది కాదు, కానీ ఏ రోడ్డు మూసేశారో దానికి ఆలస్యంగా తెలిసేది. తర్వాత దాన్ని తీసేసి, చిన్నవే మాట్లాడుకుని తేల్చుకునే పద్ధతి పెట్టారు. అవి తేల్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. రెండూ కలుపుదామని రాసిచ్చింది నేనే. పెద్దది పంపుతుంది, చిన్నవి అవసరమైతే మార్చుకుంటాయి. చివరి మాట ఎవరిదో రాయలేదు. ఆ ఒక్క వాక్యం రాయలేదు.

మంగళవారం మధ్యాహ్నం 2.10కి ఒకామె ఫోన్ చేసింది. గుండెనొప్పితో ఆమె భర్త మెట్ల మీద కూలబడ్డాడు. పెద్ద ఏజెంటు నాలుగో బండికి అప్పగించింది. ఏడో బండే దగ్గరని చిన్నవి మార్చుకున్నాయి. నాలుగు తప్పుకుంది. తన మాట లేకుండా కదిలిందని పెద్దది ఏడును ఆపేసింది. నా తెర మీద మాత్రం బండి బయల్దేరినట్టు పచ్చరంగు.

2.19కి ఆమె మళ్లీ చేసింది. "బయల్దేరిందమ్మా" అన్నాను. 2.26కి మళ్లీ. "వస్తోందమ్మా" అన్నాను.

"ఏ దారినండీ? పక్కింటాయన మలుపు దాకా వెళ్లి చూసొచ్చాడు" అంది.

ఏ బండి వెళ్లిందో తెలియాలంటే ఇంకో మీట నొక్కాలి. అప్పుడు నొక్కాను. ఏ బండీ వెళ్లలేదు. నాలుగో బండి నా కిటికీ కిందే ఉంది. డ్రైవరు చెప్పులు విప్పి పేపరు చదువుకుంటున్నాడు. కేకేసి బండి పంపకూడదని ఆ కిటికీకి కాగితం అంటించింది కూడా నేనే. అందుకని తెర మీదే ఆర్డరు పెట్టాను. "ఇప్పటికే అప్పగించాం" అని వచ్చింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే వచ్చింది. 2.31కి కిటికీ తీసి అరిచాను. అర నిమిషంలో వెళ్లాడు. 2.38కి చేరాడు. అప్పటికే ప్రాణం పోయింది.

డ్రైవరు తిరిగొచ్చి, "ఇందాకే పిలవొచ్చుగా అక్కా, ఇక్కడే ఉన్నాగా" అన్నాడు. చాలా సిగ్గేసింది.

ఈ వాంగ్మూలాన్ని నాకు చదివి వినిపించారు. ఒకచోట, బండి బయల్దేరిందని ఆమెకు "వ్యవస్థ తెలిపింది" అని రాశారు. కొట్టేయించి "నేను చెప్పాను" అని రాయించాను. ఇప్పుడు అంతా నిజమే.

(సంతకం)