దుమ్ము పట్టిన కేబుల్

గుంటూరులో ఒక ఎలక్ట్రికల్ షాపు. పొద్దున్నే మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజరు రొప్పుతూ వచ్చాడు.

"మా ఇంటర్నెట్ బాక్సుకి పవర్ కేబుల్ ఇవ్వండి. మన మూడు పిన్నులది, ఐఎస్ఐ మార్కు ఉన్నది."

"ఆరోజు అదే తీసుకోమంటే వినలేదుగా మీరు! బాక్సుతో వచ్చిన ఫారిన్ కేబుల్‌కే అడాప్టర్ తగిలిస్తామన్నారు. దాంతో ఎర్త్ అందదని చెప్పానా లేదా?"

"అదంతా ఇప్పుడెందుకండీ?"

షాపాయన కొత్త ప్యాకెట్ తీశాడు.

"కొత్తది కాదండీ. వాడింది కావాలి. దుమ్ము పట్టి ఉండాలి."

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏమైంది?"

"మా కంప్యూటర్ అమ్మాయి నిన్న తడిగుడ్డతో బాక్సు మీద మిర్చి దుమ్ము తుడిచింది. షాక్ కొట్టింది."

"బతికిందా?"

"ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ గారు పదింటికి బాక్సు చూడ్డానికి వస్తున్నారు."

షాపాయన ప్యాకెట్ మళ్ళీ అరలో పెట్టేశాడు. "ఈ పాపం నా నెత్తిన పెట్టకండి. వెళ్ళండి."

"ఆ అడాప్టర్ అమ్మింది మీరేగదండీ. ఆ మాట నేనింకా ఎవరితోనూ అనలేదు."

షాపాయన వంగి, బల్ల కింద తన సొంత ఇంటర్నెట్ బాక్సుకున్న కేబుల్ పీకాడు. ఏ సరుకైనా తుడిచి ఇవ్వడం ఆయనకి అలవాటు. చెయ్యి దానంతటదే గుడ్డ అందుకుంది.

మేనేజరు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తుడవకండి."