శుక్రవారం ఫోన్ మోగని ఇల్లు

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఏవడిగావే చిన్నీ? అమ్మమ్మ శుక్రవారం దీపం పెట్టగానే ఫోన్ ఎందుకు ఆపేస్తుందనా? చెప్తా, వినండి.

మీ వాసు మామయ్య పోయిన కబురు నాకు ఫోన్లోనే వచ్చింది. మోటర్‌వే మీద యాక్సిడెంటు. ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, చేతిలో గిన్నె జారిపోయేది. దేవుడి దగ్గర దీపం పెట్టడం కూడా మానేశాను. మీ తాతయ్య పాపం హాస్పిటల్లో డ్యూటీ వంతు అంటూ వెళ్ళిపోయేవారు. ఆయన ఏడుపు కార్లోనే ఏడ్చుకునేవారు కాబోలు. లండన్‌లో మా స్టాన్‌మోర్ పేటలో మన తెలుగువాళ్ళు లేరా అంటే, బోలెడుమంది. "ఏదన్నా కావాలంటే ఫోన్ చెయ్యండి ఆంటీ" అనేవాళ్ళు. నాకా, ఫోనంటేనే భయమాయె!

పక్కింట్లో రూత్ అని యూదులావిడ ఉండేది. ఆవిడా భర్త పోయిన మనిషే. ఓరోజు గుమ్మంలో నిలబడి, "శుక్రవారం రా, పొద్దుగూకక ముందే" అంది. అంతే. ఓదార్పు మాట ఒక్కటి లేదు.

వెళ్ళాను. ఆవిడ రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుంది. అయ్యో, ఏడుస్తోందనుకుని వీపు నిమురుతూ "ఊరుకో తల్లీ, ఊరుకో" అన్నా. ప్రార్థనట అది! చేతులు తీసి నన్ను చూసి ఒకటే నవ్వు. ఆవిడ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. వాసు పోయాక మరో మనిషి ముందు ఏడవడం అదే మొదలు.

"ఫోన్ మోగితేనో?" అన్నా.

"రేపు చీకటి పడేదాకా మాకు విశ్రాంతి దినం. మోగదు, ఆపేశాను. చావింట్లో నేల మీద కూర్చుని ఏడ్చేవాళ్ళు కూడా ఈ పూట లేచి బల్ల దగ్గర కూర్చోవాల్సిందే. ఏడుపు ఎక్కడికీ పోదులే, రేపు రాత్రి అక్కడే ఉంటుంది" అంది.

అలా వారానికో పూట నేను బతికేదాన్ని. ఆకులు రాలే కాలంలో వాళ్ళకో పండగ, తోటలో ఆకుల పందిరి వేసి దాని కిందే భోజనం. వాన చినుకులు సూప్‌లో పడేవి... నాది వేరేలే, కోడి లేనిది. వాళ్ళకీ అధికమాసం ఉందిట, తెలుసా! భర్త పోయిన రోజుకి తిథి చూసే దీపం పెట్టేది. వాసు తిథి అడిగి గుర్తుపెట్టుకుని, ఆ రోజు కొవ్వొత్తి పట్టుకుని మా ఇంటికొచ్చింది. దాని పక్కనే నా దీపం కూడా వెలిగించాను, అన్నాళ్ళకి.

ఇప్పుడు రూత్ లేదు. ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. శుక్రవారం దీపం పెట్టి, ఆవిడలాగే ఫోన్ ఆపేసి, నేనొక్కదాన్నే కూర్చుంటాను, ఎదురుగా ఖాళీ కుర్చీతో.

చల్లగా ఉండండర్రా. ఇదొక్కటి గుర్తుంచుకోండి. దుఃఖంలో ఉన్నవాళ్ళతో "కావాలంటే చెప్పండి" అనకండి. ఫలానా రోజు వస్తానని చెప్పి, వెళ్ళండి. పై వారం మళ్ళీ వెళ్ళండి. ఆ పై వారం కూడా...