లారీ మోయలేని వాక్యం

ఆ ఇంటి పెద్దల్లుడికి నోరు పెద్దది. తనకి జలుబు చేస్తే ఊరంతా తుమ్మిందంటాడు. గొడుగు ఎక్కడో మర్చిపోతే తుఫాను ఎత్తుకుపోయిందంటాడు. కాలేజీ ఎదురు వీధిలో ఆయనది బైండింగ్ షాపు. పరిశోధన చేసేవాళ్ళు తెచ్చిచ్చే లావుపాటి కట్టలకి నల్ల అట్టలు వేసి, పుస్తకం వీపు మీద బంగారు రంగు అక్షరాలు అద్ది ఇస్తాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆయన కుట్టిన పుస్తకం ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. అయితే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు, ఆయన కోతలే గుర్తుంటాయి.

చిన్నల్లుడు అదే కాలేజీలో లెక్చరర్. మనిషి నాలుగు మాటలు మాట్లాడాల్సిన చోట ఒక్కటే మాట్లాడతాడు. ఆ ఒక్కటీ వినడానికి ఇల్లంతా పనులాపుకుని నిలబడుతుంది. పెద్దల్లుడికి కంటగింపుగా ఉండేది అదే. తను గంట మాట్లాడితే ఒకరు ఆవలిస్తారు, ఒకరు స్టవ్ మీద ఏదో పెట్టొచ్చానని లేస్తారు. చిన్నల్లుడు దగ్గినా చాలు, మామగారు టీవీ గొంతు తగ్గించేస్తారు.

ఆ ఆదివారం అందరూ అత్తగారింట్లో కలిశారు. భోజనాలయ్యాయి, వాన వెలిసింది, వరండాలోకి కుర్చీలు చేరాయి. పెద్దల్లుడి భార్యా, ఆమె చెల్లెలైన మరదలూ వానకి లోపలికి లాగేసిన బట్టలు మడతపెడుతున్నారు. అత్తగారు గుమ్మంలో పీట వేసుకున్నారు. మామగారు టీ గ్లాసుతో మెట్ల దగ్గర కూర్చున్నారు. పెద్దల్లుడు మూల కుర్చీలో చిన్న కునుకు తీసి కళ్ళు తెరిచాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు తోడల్లుడి కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని, రాయాల్సిన వ్యాసం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా వింటోంది.

"పది పేజీల వ్యాసమైనా నిలబడేది ఒక్క వాక్యం మీదే తల్లీ," అంటున్నాడు చిన్నల్లుడు. "థీసిస్ స్టేట్‌మెంట్ అంటే అదే. దేని గురించి రాస్తున్నావో చెప్తే చాలదు. ఆ విషయంలో నువ్వే పక్కన నిలబడ్డావో, ఎందుకు నిలబడ్డావో చెప్పాలి. అవతలివాడు 'నేనొప్పుకోను' అనడానికి సందుండాలి. 'గాలి అందరికీ అవసరం' అని రాశావనుకో, నీతో దెబ్బలాటకి ఎవరొస్తారు?"

"అయ్యో బాబాయ్, నేను రాసుకున్నదంతా గాలీ నీరూలాగే ఉంది!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది.

తను చెప్పిన మాటకి కూతురు అలా నవ్వి ఎంత కాలమైందో పెద్దల్లుడికి గుర్తు రాలేదు. తను మాట్లాడుతుంటే ఆ పిల్ల ఫోను చూసుకుంటూ "ఊఁ" కొడుతుంది. ఇక్కడేమో ఫోను బోర్లా పడుంది. ఆయన కడుపులో ఎవరో పొయ్యి ముట్టించి ఊదుతున్నట్టనిపించింది.

"థీసిసా?" అన్నాడు గొంతు సవరించుకుని. "బాగుంది! నన్ను పక్కన పెట్టుకుని థీసిస్ గురించి ఇంకొకర్ని అడగడమా? ఈ చేతుల మీదుగా ఎన్ని థీసిస్‌లు వెళ్ళాయో మీ కాలేజీకే లెక్క తెలీదు."

"మొదలైంది," అంది భార్య చెల్లెలితో, దుప్పటి కొసలు కలుపుతూ.

"బైండింగ్ మాట కాదే, రాయడం గురించే చెప్తున్నా. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక లెక్చరరు ఉండేవాడు, కత్తెర అని పిలిచేవాళ్ళం. ఎంత బాగా రాసుకెళ్ళినా అడ్డంగా కొట్టేసి మొహాన పడేసేవాడు. ఒకరోజు అందర్నీ బలమైన థీసిస్ వాక్యం ఒకటి రాసుకురమ్మన్నాడు. నేనూ రాశాను. చదివాడు, మళ్ళీ చదివాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివాడు. ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాడు. అంతే, ఒక్క గీత గియ్యలేదు."

"పర్లేదే!" అన్నారు మామగారు నిజంగానే సంతోషపడి.

అక్కడ ఆపేసి ఉంటే ఆయన పరువు దక్కేది. కానీ కూతురి మొహం సగమే ఇటు తిరిగింది. మిగిలిన సగం ఇంకా బాబాయి వైపే ఉంది. ఆ సగం కూడా కావాలనిపించింది ఆయనకి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కత్తెర ఊరుకోలేదు. దీన్నెలాగైనా పడగొట్టాలని పక్క కాలేజీల నుంచి మహామహుల్ని పిలిపించాడు. ఒకాయన 'కానీ' అంటూ ఎదురుగా వచ్చాడు, నా వాక్యానికి తగిలి 'అవును కదా' అంటూ వెళ్ళిపోయాడు. ఇంకొకాయన 'అయినప్పటికీ' అంటూ వెనకనుంచి వచ్చాడు, ఆయనా వెల్లకిలా పడ్డాడు. ఒక ముసలాయన 'ఒకవేళ' అంటూ కిటికీలోంచి దూకబోయి ఇరుక్కుపోయాడు. ఆయన్ని బయటికి లాగడానికి కిటికీ ఊచలు కొయ్యాల్సొచ్చింది!"

"మరి వ్యాసం రాశావా నాన్నా, వాక్యమొక్కటేనా?" అంది కూతురు. ఇప్పుడు పూర్తిగా ఇటు తిరిగింది. పెద్దల్లుడికి ఒళ్ళు పులకరించింది.

"రాయడం ఎందుకమ్మా? వాక్యం అంత గట్టిదైతే పేరాలు వాటంతటవే వస్తాయి. కాగితం బల్ల మీద పెట్టి మంచినీళ్ళు తాగొచ్చేసరికి కారణాలన్నీ వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆధారాలు లోపల చోటు లేక వరండాలో కూర్చున్నాయి. ముగింపు పేరా అయితే అందరికంటే ముందొచ్చేసింది, 'నీ వంతు ఇంకా రాలేదు, ఆగు' అని నేనే సర్దిచెప్పాను."

అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. చిన్నల్లుడు కూడా హాయిగా నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. అది ఉంటే పెద్దల్లుడికి ఊరటగా ఉండేది, పోట్లాడటానికి ఓ దారి దొరికేది. మంచివాడి మీద అసూయ పడటంలో ఉన్న కష్టం అదే, మంట ఆర్పుకోవడానికి ఎక్కడా తిట్టు దొరకదు.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు," అన్నాడు గొంతు పెంచి. "బలం అంటే మాటవరసకి అనుకుంటున్నారేమో! ఆ కాగితం పెట్టిన బల్ల కాళ్ళు వంగిపోయాయి. నలుగురు పట్టినా లేవలేదు. యూనివర్సిటీ వాళ్ళు తీసుకెళ్దామని లారీ తెచ్చారు. ఎక్కించారో లేదో టైర్లన్నీ ఢామ్మని పేలాయి. క్రేన్ తెప్పించారు, దాని మెడ విరిగింది. ఆ రోజుల్లోనే నది మీద కొత్త వంతెన స్తంభం ఒకటి పక్కకి ఒరిగిపోతోంది. ఇంజనీర్లు పరుగెత్తుకొచ్చి, బాబ్బాబూ ఆ వాక్యం మాకిప్పించమని నా కాళ్ళ మీద పడ్డారు. స్తంభం కింద పెట్టారు. ఇవాళ్టికీ ఆ వంతెన వెంట్రుకవాసి కదల్లేదు!"

"సిమెంటేమీ వెయ్యలేదా?" అన్నారు మామగారు.

"దేనికండీ దండగ? ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అంటూ ఆయన తోడల్లుడి వైపు కుర్చీ జరుపుకున్నాడు. "మీ పీహెచ్‌డీ గైడుగారు లేరూ, ఆయనా వచ్చాడు చూడ్డానికి. స్తంభాన్ని కావిలించుకుని బావురుమన్నాడు. 'ఇలాంటి శిష్యుడు నాకు దొరకలేదే, ఎలాంటివాళ్ళు దొరికారో చూడు' అని!"

మరదలు మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పడేసింది. "ఏవండీ," అంది భార్య, గొంతు కటువుగా. అన్నాక పెద్దల్లుడికీ తెలిసింది, మాట గీత దాటిందని. కానీ వెనక్కి తీసుకోవడం ఆయనకి అలవాటు లేని విద్య.

చిన్నల్లుడే గట్టెక్కించాడు. "మా గైడుగారు అంత తేలిగ్గా ఏడ్చే మనిషి కాదన్నయ్యా. ఏడిపించిందంటే వాక్యం నిజంగా గట్టిదే."

"ఇంతకీ ఆ వాక్యం ఏంటి నాన్నా?" అంది కూతురు.

పెద్దల్లుడు టీ గ్లాసు అందుకున్నాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది. అయినా ఓ గుక్క తాగాడు. "అది... బయటికి చెప్పకూడదన్నారమ్మా. చెప్తే వంతెన కదులుతుంది."

"కదిలితే కదల్నివ్వండి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. "ఇప్పుడు దాని మీద మనవాళ్ళెవరూ లేరు. చెప్పండి."

ఇక తప్పలేదు. ఛాతీ నింపుకుని, కళ్ళు మూసుకుని, "చదువు మనిషికి చాలా ముఖ్యం," అన్నాడు.

కూతురే ముందు నవ్వింది. "దీన్ని కాదనేవాడెవడు నాన్నా? దీనికి 'కానీ' అంటూ వచ్చినాయన ఎవరో పాపం!" దాంతో మామగారికి పొలమారింది, మరదలు కోపం మర్చిపోయి నవ్వేసింది, వరండా అంతా నవ్వులే. చిన్నల్లుడు మాత్రం తల వంచుకుని నవ్వాపుకుంటున్నాడు, ఎదుటివాడు నొచ్చుకుంటాడని. పెద్దల్లుడికి అందరి నవ్వులకంటే ఆ ఆపుకున్న నవ్వే ఎక్కువ కాలింది.

"నవ్వండి, బాగా నవ్వండి!" అని లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతులో కోత లేదు. "ఎన్ని చదువులు చదివినా ఆయన బయటి మాస్టారే. పిల్లకి నేర్పాల్సింది కన్నతండ్రే! ఎందుకంటే ఆ పిల్ల మనసులో ఏముందో తండ్రికి తెలిసినట్టు ఇంకెవడికీ తెలీదు!"

చిన్నల్లుడు చటుక్కున తలెత్తాడు. "అన్నయ్యా! ఇదీ థీసిస్ స్టేట్‌మెంట్ అంటే. ఏ పక్కన నిలబడ్డారో చెప్పారు, కారణం చెప్పారు, నేను కాదనడానికి చోటూ ఉంది. ఏడాదంతా చెప్పినా మా క్లాసు పిల్లలు ఇలా రాయరు."

పెద్దల్లుడికి నమ్మకం కుదరలేదు. తోడల్లుడి మొహంలోకి పరకాయించి చూశాడు. ఎగతాళి లేదు. పెద్దల్లుడి భుజాలు మెల్లగా వెనక్కి వెళ్ళాయి, మీసం మీదకి చెయ్యి వెళ్ళింది. 'ఆ తర్వాత ఏమైందో తెలుసా' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చేసింది కూడా.

"సరే," అంది కూతురు. ఇప్పుడు నవ్వడం లేదు. "వాక్యం బాగుంది. ఆధారం కావాలి కదా. నా వ్యాసం దేని గురించో చెప్పు నాన్నా."

ఆయన నోరు తెరిచాడు. చదువు గురించా? పర్యావరణమా? భార్య వైపు చూశాడు. ఆమె మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. ఇంతసేపూ లారీలూ క్రేన్లూ తెప్పించినవాడికి, ఆ ఒక్క ప్రశ్న అడగడమే తట్టలేదు.

"తెలీదమ్మా," అన్నాడు చివరికి. జన్మలో ఆయన చెప్పిన అతి చిన్న జవాబు అదే. "దేని గురించి?"

"మన షాపు వీధి గురించి. దాన్ని వెడల్పు చెయ్యకూడదని. చేస్తే కాలేజీ ముందు చిన్న షాపులన్నీ పోతాయని."

"చెయ్యకూడదా?" పెద్దల్లుడు ఉలిక్కిపడ్డాడు. "చేసి తీరాల్సిందే! స్కూటరు ఆపుకోవడానికి చోటు లేక నా దగ్గరికి రావాల్సినవాళ్ళు అటునుంచి అటే పోతున్నారు. షాపు ముందు మెట్లు పోతే పోయాయి. వెడల్పు చెయ్యమని మున్సిపాలిటీ చుట్టూ నేనే తిరుగుతున్నా!"

"నిజమా? మరి నాకెప్పుడూ చెప్పలేదే!" కూతురు చాప మీద ఇటు జరిగింది. "మెట్లే పోతాయని ఎవరన్నారు? పక్కనున్న జెరాక్స్ షాపు పూర్తిగా పోతుంది తెలుసా? దాన్ని నడిపే ఆవిడ ఎక్కడికెళ్తుంది?"

పెద్దల్లుడు మళ్ళీ కుర్చీలోకి వెళ్ళకుండా చాప మీద కూలబడ్డాడు. ఆవిడ సంగతి ఆలోచించలేదని ఒప్పుకోవడానికి నోరు రాక, "నువ్వు ముందు మొత్తం చెప్పు," అన్నాడు. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది, ఆయన వింటున్నాడు.

చిన్నల్లుడు చప్పుడు చెయ్యకుండా లేచి, ఖాళీ గ్లాసులన్నీ చేతుల్లోకి తీసుకుని, తండ్రీకూతుళ్ళని వదిలి లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దల్లుడు అది ఓరకంట చూశాడు. ఆ మర్యాద కూడా తోడల్లుడికే ముందు తట్టిందే అని మళ్ళీ కడుపు మండింది.