దండ వేసిన స్టెబిలైజరు

రెండువేల అయిదు, ఆయుధపూజ రోజు సాయంత్రం. కె.ఆర్.పురం స్టేషన్ రోడ్డులో వెంకటేశప్ప పాటల అంగడి. లోపల బట్టతల మొగుడూ, పెళ్ళామూ. వాకిట్లో ఎవరో కొత్త మనిషి వంగి బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. ఏడాది పొడుగునా వెనకగదిలో దాగి ఒకేసారి ఏడేసి దొంగ సీడీలు కొట్టే యంత్రం, ఖర్మ కాలి, ఆ పూటే బంతిపూల దండ వేయించుకుని నట్టనడి అంగట్లో కూర్చుని ఉంది.

"...చెప్తా ఉండా గదా, ఆయప్ప గిరాకీ కాదు. ఆ బూట్లు చూడు. సుంకన్న అంగడికి మఫ్టీలో వచ్చినవాడు కూడా ఇట్లా బూట్లే వేసుకోని వచ్చినాడంట."

"మునీ, మెల్లగా! వినపడతాది."

"సుంకన్నతో కూడా ముందర పాటల గురించే మాట్లాడినాడంట. నవ్వుతా, నవ్వుతా. ఈ పాట బాగుంటాది, ఆ పాట బాగుంటాది, పెద్ద ఆర్డరిస్తా, సీడీలు కొట్టిస్తావా అన్నాడంట. సుంకన్న ఊ అన్నాడు. అంతే, బేడీలు."

"తెలుసులేవే. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర యాడ పడతా ఉండాది?"

"మరి దీన్నెందుకు బయట పెట్టినావు? వెనకగదిలో కనపడకుండా ఉండేదాన్ని తెచ్చి..."

"పూజ చేయకుండా ఎట్లే? మనకు అన్నం పెట్టే మిషను. క్యాసెట్లు అమ్ముకోని బతికే కాలం పోయె. ఏడాదికొక దినము బొట్టు పెట్టకుంటే ఎట్లా?"

"గోనెపట్టా అన్నా కప్పు!"

"పూజలో కూచున్నదాని మీద గోనెపట్టానా? రేపు పొద్దున దాకా తాకరాదు, కదిలించరాదు."

"జైలుకు పోయినాక నిదానంగా కదిలిద్దువులే. మన యశ్వంతు యాడ?"

"లోపల పండుకోని ఉండాడు. రాత్రంతా కంప్యూటర్ ముందర ఏమో టకటక కొడతానే ఉండె."

"అయ్యో దేవుడా, ముందర వాణ్ణే పట్టుకుంటారు! మిషన్ అమర్చింది వాడు గదా. నువ్వు ఊరికే సీడీలు పెట్టి తీసేవాడివి."

"అందుకే చెప్తా ఉండా, విను. వెనక వాకిలి నుంచి వాణ్ణి పంపేయ్. ఆనేకల్ బస్సు ఎక్కమను. మీ తమ్ముని ఇంటికి పోయి పూజ బొరుగులు ఇచ్చి రమ్మన్నానని చెప్పు. ఇంకేం చెప్పొద్దు."

"ఆ ట్రంకులో ఉండేటివి?"

"మళ్ళీ వచ్చి దాని మీద కూచో. లేవొద్దు. ఏమైనా కానీ లేవొద్దు. పో, పో! లేచినాడు... రండి సార్, రండి! పండగ పూట వచ్చినారు, కూచోండి."

"నమస్కారమండీ. తెలుగువాళ్ళేనా? బోర్డు చూసి అనుకున్నా. అయ్యో, ఆంటీ వెళ్ళిపోతున్నారే, నావల్ల ఇబ్బందా?"

"లేదు సార్, బొరుగులు తెస్తాది. ఏం కావల్ల సార్? అన్నీ ఒరిజినలే."

"నేనింకా ఏమీ అడగలేదండీ."

"అడగకముందే చెప్తా ఉండా. బిల్లులు కూడా ఉండాయి."

"ఎంపీత్రీ సీడీలున్నాయా?"

"అంటే ఏంది సార్?"

"ఒక్క సీడీలో నూటయాభై పాటలు పడతాయి చూడండి, అదే."

"ఓహో, అదా. విన్నా సార్, విన్నా. మేము అమ్మము. నాకు అది సరిపోదు."

"ఎందుకని?"

"అన్ని పాటలు ఎవురు వింటారు సార్? నూటయాభై పెట్టుకుంటారు, ఒగటి కూడా కడదాకా వినరు. పల్లవి అయ్యేలోపల బటన్ నొక్కి ముందుకు పోతారు. క్యాసెట్ అట్లా కాదు. ఒక పక్క అయినాక లేచి తిప్పల్ల. ఆ తిప్పేటప్పుడు మనసు తయారు అవుతాది సార్, ఇప్పుడు మన పాట వస్తాది అని."

"భలే చెప్పారు. నాకూ అంతే. ఎంపీత్రీలో తబలా వింటే తోలు మీద కొట్టినట్టుండదు, రేకు మీద కొట్టినట్టుంటుంది."

"అది పాటను ఎంత నొక్కుతామో దాని మీద ఉంటాది సార్! ఎక్కువ పాటలు పట్టల్లని నిండా నొక్కేస్తారు, రేకు మాదిరి కాక ఇంకేమవుతాది? స్వల్పం వదులుగా కొట్టి చూడండి. నేనైతే ఎప్పుడూ వదులుగానే... వేలు ఆడేది కూడా వినపడతాది..."

"ఆగిపోయారేం?"

"కొట్టేవాళ్ళు అట్లా అంటారు సార్. బస్సులో మాట్లాడుకుంటా ఉంటే విన్నా."

"మంచి బస్సే ఎక్కారు. అవునూ, ఆ దండ వేసిందేంటండీ, కంప్యూటర్ పక్కన?"

"యాది సార్?"

"అదేనండీ, బొట్లు పెట్టి, నిమ్మకాయ పెట్టి..."

"అదా. స్టెబిలైజరు సార్."

"స్టెబిలైజరుకి ఏడు నోళ్ళా?"

"కె.ఆర్.పురం కరెంటు అట్లా ఉండాది సార్."

"హహ! ఒక ఫోటో తీసుకోనా? ఈ ఫోన్లో కెమెరా ఉంది."

"వద్దు సార్! పూజలో ఉండేదాన్ని ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతాది."

"మిషన్‌కి కూడానా?"

"మిషన్‌కి కాదు సార్, నాకు."

"సరే, సరే, లోపల పెట్టేస్తున్నా, చూడండి. ఇంకో నాలుగేళ్ళు పోతే సీడీలు కూడా ఉండవు వెంకటేశప్పగారూ. పాటలు, ఫోటోలు, ఆటలు, అన్నీ ఈ ఫోన్లోకే వస్తాయి."

"అట్లయితే మేమెట్లా బతికేది సార్?"

"తీసుకోండి నాయనా. బొరుగులు, పుట్నాలు, బెల్లము. మా అంగడికి ఈ దినము ఎవురొచ్చినా నోరు తీపి చేసే పంపిస్తాము. మంచోళ్ళకైనా, ఎవురికైనా... ఇదో, పంపించినా."

"ఎవరిని పంపించారు ఆంటీ?"

"పిల్లిని. పిల్లి దూరింటే తరిమినా."

"ఇక్కడ కుర్చీ ఉంది, రండి."

"వద్దు వద్దు, ఈ ట్రంకే నాకు అలవాటు. మోకాళ్ళ నొప్పి నాకు."

"మోకాళ్ళ నొప్పికి ట్రంకు మంచిదా?"

"ఏం, కూచోరాదా?"

"కూర్చోండి, కూర్చోండి! ఊరికే అడిగా. పాటల కొట్లో ఈ బియ్యం మూటేంటండీ?"

"అన్నానికి సార్."

"ఆ వెంకటరమణస్వామి పటం గోడకి ఆనకుండా ముందుకు వాలిందే?"

"స్వామి గదా సార్. వంగి అందరినీ చూసుకుంటా ఉంటాడు."

"చూశా, చూశా. సరిగ్గా అలాగే ఉంది."

"మునీ... విన్నావా? మూటా చూసినాడు, పటమూ చూసినాడు. ఎవురో చెప్పినారు. అన్నీ తెలుసుకోని వచ్చినాడు."

"నవ్వుతా ఉండాడు చూడు. సుంకన్న కాడ కూడా ఇట్లే నవ్వినాడంట. నేను లేవను. నన్ను ట్రంకుతో సహా మోసుకపోవల్ల."

"ఏదో అంటున్నారు?"

"మా ఆయప్పకు చెవి నొప్పి నాయనా. అది చెప్తా ఉండాడు."

"అయ్యో. పిల్లలెంతమందండీ?"

"ఒగడే సార్."

"యశ్వంత్ కదూ?"

"మునీ, మంచినీళ్ళు తే."

"నేను లేవనని చెప్పినా గదా!"

"వాని పేరు మీకెట్లా తెలుసు సార్?"

"ఎక్కడో విన్నాను. ఏం చేస్తుంటాడు? గేములు బాగా ఆడతాడా? ఈ కాలం కుర్రాళ్ళకి అదే కదా లోకం."

"ఛీ ఛీ, గేములా! అవి పిల్లల్ని చెడగొడతాయి సార్. కాల్చేది, గుద్దేది, దూకేది. స్టేషన్ ముందర ఒక గేముల అంగడి పెట్టినారు, పిల్లోళ్ళు ట్యూషన్ మాని అక్కడే పడి ఉంటారు. మావాడు ఆ పక్క కూడా చూడడు. వానికి కంప్యూటరంటేనే భయం, షాకు కొడతాదేమోనని."

"మరి ఈ కంప్యూటరు?"

"నాది సార్. స్విచ్చి వేసేది నేను, తీసేది నేను. వాడు దాని దగ్గరికి కూడా రాడు. ఆనేకల్‌లో వాళ్ళ మామ కాడ మగ్గం నేస్తాడు. ఈ అంగట్లో ఏమన్నా తప్పుంటే అది నాది. వానికీ దీనికీ సంబంధం లేదు. రాసుకుంటే ఆ మాట రాసుకోండి."

"నేనేం రాసుకోవడం లేదండీ. చదువుకున్నాడా?"

"చదువు యాడ అబ్బింది సార్! ఒట్టి దడ్డ."

"ఏమయ్యా, బిడ్డనట్లా..."

"నువ్వు ఊరికుండే! దడ్డా కాదా? చెప్పు సార్‌కి."

"...అవును నాయనా. దడ్డే. మేకను కాయను పంపిస్తే, ఆ మేకే వాణ్ణి తోలుకోని వస్తాది."

"ఆంటీ, మీరు కూడా అదే అంటారా? కంప్యూటర్ మీద ఏమీ చెయ్యలేడా? నిజంగా?"

"ఏమీ రాదప్పా. స్వామి పటం ముందర కూచోని చెప్తా ఉండా. మా బిడ్డ అమాయకుడు, వాణ్ణేం చేయొద్దండి."

"నేనేం చేస్తానాంటీ? సరే. ఉంటానండీ మరి. పండగ పూట శ్రమ ఇచ్చాను."

"పోతారా సార్? అంతేనా?"

"అంతే. అసలు రాకపోయినా బాగుండేదేమో. ఎంతో ఆశపడి వచ్చాను."

"ఏం ఆశ సార్?"

"నా పేరు నాగేంద్ర అండీ. కుందలహళ్ళిలో ఫోన్ గేములు తయారుచేసే చిన్న కంపెనీ మాది. పోయిన నెల యశ్వంత్ అనే కుర్రాడు ఈ అడ్రసు పెట్టి, తను చేశానని ఒక గేము పంపాడు. ఆఫీసులో అందరూ పని మానేసి అదే ఆడారు. పిలిచి ఉద్యోగం ఇద్దామనుకున్నాం. కాకపోతే ముందొకసారి దెబ్బ తిన్నాం. ఎవడో చేసిన గేముకి తన పేరు పెట్టుకుని వచ్చి చేరాడొకడు. అందుకని ఇవాళ సెలవు కదా అని నేనే, ఎవరన్నదీ చెప్పకుండా వచ్చా. చెప్పి అడిగితే ఏ తల్లిదండ్రులైనా మావాడే చేశాడంటారు. మీరు ఉన్నదున్నట్టు చెప్పారు. అదీ మంచిదే."

"నమ్మొద్దయ్యా. సుంకన్నకు కూడా ఇట్లే ఆశ పెట్టినాడు. నోరు తెరవొద్దు."

"ఉండవే. సార్... ఆ ఆటలో ఏముండాది?"

"బట్టతలాయన ఒకాయన, లుంగీ కట్టుకుని, చేతి నిండా సీడీలతో పరిగెడుతుంటాడు. పోలీసులు వచ్చేలోగా దాచెయ్యాలి. మొదట బియ్యం మూటలో. తర్వాత దేవుడి పటం వెనక. ఇక మూడోది ఉందండీ, అది దాటడానికి మావాళ్ళకి వారం పట్టింది. ఒకావిడ ట్రంకు మీద కూర్చుంటుంది. ఎంతమంది పోలీసులొచ్చినా లేవదు."

"అయ్యో, నా కొడకా! నన్ను కూడా పెట్టినాడా?"

"లోపలికి అడుగు పెట్టగానే నాకు నవ్వాగలేదు. అందుకే ఒక్కొక్కటీ అడిగా. ఈ అంగడిని బాగా ఎరిగినవాళ్ళే చేశారు, అందులో అనుమానం లేదు. మీవాడు కాకపోతే ఇంకెవరు? చెప్పండి, ఆయనకే ఇస్తాను ఉద్యోగం."

"ఏమో నాయనా, మాకు తెలియదు. మాకేమీ తెలియదు. పోయి రండి."

"ఆ బట్టతలాయన... కడాకు దొరికిపోతాడా సార్?"

"అక్కడే ఉంది తమాషా. దొరకడు. పట్టుకోబోయేసరికి ఒక కుర్రాడు అడ్డంగా వచ్చి, అంతా నేనే చేశాను, నన్ను తీసుకుపోండి అని చేతులు చాపుతాడు. మాకెవరికీ నచ్చలేదది. ఆడేవాడు గెలవాలి కదా! మార్చమని ఫోన్లో చెబితే, ఏదైనా మారుస్తాను, అది మాత్రం మార్చనన్నాడు."

"ఏమయ్యా? ఏమట్లా చూస్తా ఉండావు?"

"మునీ, లే."

"ఏంది?"

"ట్రంకు మీద నుంచి లే. పోయి వానికి ఫోన్ చెయ్యి. బస్సు యాడుంటే ఆడ దిగి వెనక్కి రమ్మను."

"నాకు భయంగా ఉండాదయ్యా. ఇదంతా నాటకమైతే? ఆయప్ప పోలీసోడే అయితే?"

"నాకు లేదా భయము? లే అంటా ఉండా గదా."

"దేవుడా... లేస్తా ఉండా, లేస్తా ఉండా. అయ్యో, ఆ దండెందుకు తీస్తావు? రేపటి దాకా తాకరాదంటివే!"

"తాకితే ఏమయితే అది కానీ. సార్, కూచోండి. వాడు చేసే ఆటలన్నీ ఈ కంప్యూటర్‌లోనే ఉంటాయి, నాకు తీసేది రాదు, మీరే తీసి చూసుకోండి. ఇది స్టెబిలైజరు కాదు. నా కొడుకు దడ్డ కాదు. వానికి అన్నీ వచ్చు. ఆ ఆట చేసింది వాడే సార్. వానికి మగ్గం తొక్కేది కూడా రాదు. మూటలో ఉండేటివి, పటం వెనక ఉండేటివి, ఆ ట్రంకులో ఉండేటివి, అవన్నీ కొట్టింది నేను. మీరు పోలీసోళ్ళైతే నన్ను తీసుకపోండి. కంపెనీ వాళ్ళైతే, వాణ్ణి తీసుకపోండి."