నిర్ణా నైట్ హాల్ట్ కండక్టర్ ఏసప్ప

పాస్టరయ్యకు, డిపో నుంచి వచ్చిన డ్రైవర్లకు, కండక్టర్లకు, చేలో పనులు వదిలేసి జీపు మాట్లాడుకుని వచ్చిన మా నిర్ణా ఊరివాళ్లకు, అందరికంటే ముందు నా చెల్లెలులాంటి ప్రేమమ్మకు దండం పెడుతున్నాను.

నా పేరు రాచమ్మ. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు జగదేవి ఈ మాటలన్నీ కాగితం మీద పెట్టింది. నేను ఎక్కడైనా తప్పితే అందించడానికి నా పక్కనే నిలబడి ఉంది. తిట్లు ఎక్కువయ్యాయని రెండు చోట్ల కొట్టేసింది. ఫరవాలేదు, అవి నాకు నోటికి వచ్చు.

మన ఏసప్ప పోయాడు. పోయిన నెల ఇదే బీదర్ బస్టాండులో బండి దిగి, మంచినీళ్లు అడిగి, అవి వచ్చేలోపు పోయాడు. దవాఖానకు తీసుకుపోయారు గానీ అప్పటికే అయిపోయింది. భార్య ప్రేమమ్మకు మొగుడు పోయాడు. డిపోకు ఒక మంచి కండక్టర్ పోయాడు. మరి నిర్ణాకు ఎవరు పోయారు? అది చెప్పడానికే నేను మైకు పట్టుకున్నాను.

అది ఒక్కటే అయితే ఏడ్చి కూర్చునేదాన్ని. నేను ఒక పంచాయితీ కూడా తెచ్చాను. మన దేశం ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు దక్షిణాసియా పోటీకి పోతోంది. ఆ జట్టులో మా జగదేవి పేరు రెండోసారి వచ్చింది. సోమవారం క్యాంపుకు బయలుదేరాలి. దాని తండ్రి వద్దంటున్నాడు. వాడు నా కొడుకే, నవనాథ్. అదిగో, మూడో వరుసలో కూర్చున్నాడు. తల అప్పుడే దించకురా, నేను ఇంకా మొదలుపెట్టలేదు.

వాడొక్కడే కాదు. ఏసప్పను మట్టిలో పెట్టి వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో ఆడపిల్లలెవరూ బంతి ముట్టలేదు. తల్లుల్ని అడిగితే ఒకటే మాట. "ఏసన్న లేడు గదా అక్కా. ఇంగ ఎవరి భరోసా మీద పంపాలె?" దీనికి జవాబు ఏసప్ప బతికిన తీరులో ఉంది. వినండి.

అయ్యలారా, నైట్ హాల్ట్ బస్సంటే డిపోవాళ్లకు చెప్పక్కర్లేదు. పట్నంవాళ్లకు చెబుతాను. సాయంత్రం ఆఖరి బస్సు మా ఊరొచ్చి ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు ఊళ్లోనే పడుకుంటారు. తెల్లవారి అదే బండి మొదటి బస్సుగా పోతుంది. ఆ డ్యూటీ ఎవరికి కావాలి? పంచాయతీ ఆఫీసు అరుగు, దోమలు, ఎవరింటి నుంచో వచ్చిన చల్లారిన రొట్టె. కొత్తగా చేరినవాళ్లకు వేస్తారు. సీనియర్లు ఏదో సాకు చెప్పి తప్పించుకుంటారు. ఏసప్ప సీనియర్. అయినా ఏళ్ల తరబడి అడిగి మరీ నిర్ణా నైట్ హాల్ట్ వేయించుకున్నాడు. డిపోలో అందరూ నవ్వారట, "నిర్ణాల నీకు రెండో సంసారం ఉన్నదా ఏంది" అని. ఉంది. పదిహేను మంది ఆడపిల్లల సంసారం!

అది ఎలా మొదలైందో చెబుతాను. మా రూటులో అప్పుడు తిరిగిన పాత బండికి పైన కేరియర్ ఉండేది. నేను హుమ్నాబాద్ సంతలో కోడిపిల్లలు కొని, గంప పైన కట్టించాను. ఊళ్లో దిగాక ఏసప్ప నిచ్చెనెక్కి తాడు విప్పాడు. గంప జారింది. నేను నోరు తెరిచేలోపు మా జగదేవి పక్కకు దూకి రెండు చేతులతో గంపను పొట్టకు అదుముకుంది. అప్పుడది ఆరో తరగతి. ఒక్క కోడిపిల్లకూ ఏం కాలేదు.

నేను ఏసప్పను తిట్టడం మొదలుపెట్టాను. డ్రైవర్ బాబురావు ఇక్కడే ఉన్నాడు, ఏం తిట్టానో బయటికి పోయాక అడగండి. ఏసప్పకు నా తిట్లు చెవిన పడితేనా! నిచ్చెన మీదే నిలబడి, "బిడ్డా, ఇది గూడ పట్టు" అని ఎవరిదో బట్టల మూట విసిరాడు. పట్టింది. ఇంకొకటి ఎడమకు విసిరాడు. పట్టింది. కింద జనం "అరే, మా సామాన్ రా అది!" అని గోల. ఆయన దిగి వచ్చి నాతో అన్నాడు, "అక్కా, ఈ పిల్లను నాకియ్యి." నేను చెప్పు తీశాను. "ఏం జూసి ఇయ్యాల్నయ్యా? నీ టికెట్ల సంచి జూసా?" అన్నాను. ఆయన నిచ్చెన పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఆటకు అక్కా, ఆటకు! గోల్ కాడ నిలబెడత." కుర్రతనంలో ఆయన ఈ చర్చి కాంపౌండులోనే గోల్ కాచినవాడట. నాకేం తెలుసు?

మరి మనం వెంటనే పంపామా? నిజం చెప్పండి. మగమనిషి. పై ఊరివాడు. మన దేవుడు వేరు, ఆయన దేవుడు వేరు. ఆడపిల్లలకు నిక్కర్లు వేసి బడి వెనక బీడులో ఉరికిస్తానంటే ఎవరు నమ్ముతారు? ఏసప్ప గడప గడపకూ పోయాడు. నమ్మండని ఎవరినీ బతిమాలలేదు. ఒక షరతు పెట్టాడు. "ఊరి పెద్దామె ఒకరు వచ్చి గట్టు మీద కూసోవాలె. కూసుంటేనే ఆట. లేకుంటే ఆనాడు ఆట బంద్." షరతు మనం పెట్టాల్సింది. ఆయనే తన మీద తాను పెట్టుకున్నాడు.

నేను కూర్చున్నాను. చాటలో పప్పు పోసుకుని రాళ్లు ఏరుకుంటూ, ఒక కన్ను పప్పు మీద, ఒక కన్ను కండక్టరు మీద పెట్టి కూర్చున్నాను. తప్పు దొరికితే ఊరంతా వినేలా అరుద్దామని కూర్చున్నాను. దొరకలేదు. ఒకసారి నాకు జ్వరం వచ్చింది. మిగతా ఆడవాళ్లంతా కంది కోతలో ఉన్నారు. భాల్కిలో పోటీ దగ్గరపడింది. పిల్లలు ఏడ్చారు. "అవ్వ లేదు, ఆట లేదు" అని ఇళ్లకు పంపేశాడు. మరునాటి సాయంత్రం అదే బస్సులో ప్రేమమ్మ దిగింది. బీదర్‌లో తన ఇల్లు తాళం వేసి, మా గట్టు మీద కూర్చోవడానికి వచ్చింది. వచ్చి ముందు నా ఇంటికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చెల్లీ, మొగుడి సాయంత్రాలన్నీ మాకిచ్చావు. అవి చాలక నువ్వు కూడా వచ్చావు. ఏం పెట్టి నీ రుణం తీర్చాలి?

భాల్కి పోయినా, బసవకళ్యాణ్ పోయినా సెలవు పెట్టి, ప్రేమమ్మను వెంటబెట్టుకుని, పిల్లల్ని తీసుకుపోయేవాడు. బండి ఆగిన ప్రతి చోటా తలలు లెక్కపెట్టేవాడు. పొద్దున మొదటి బస్సు కదిలేలోపు, మంచు కురిసే రోజుల్లో, బాబురావు బండి లైట్లు బీడు మీదికి తిప్పి నిలిపేవాడు. ఆ వెలుగులో మా పిల్ల దూకేది, లేచేది, మళ్లీ దూకేది. బాబురావూ, నీకు కూడా దండం నాయనా.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తున్నాను.

మొదటిసారి జగదేవి పేరు దేశం జట్టులో వచ్చినప్పుడు మనం ఏం చేశాం? బాజాలు పెట్టాం. ట్రాక్టరు మీద నిలబెట్టి ఊరంతా తిప్పాం. గులాల్ చల్లుకున్నాం. ఇరవై మూడు మందిలో మన పిల్ల ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం. ఇక పొరుగు దేశంలో ఆట మొదలైంది. ఫోన్ల ముందు గుంపులుగా కూర్చున్నాం. ఒక ఆట అయింది, జగదేవి దిగలేదు. రెండో ఆట అయింది, దిగలేదు. పోటీ మొత్తం అయిపోయింది. మన పిల్ల పక్కన బెంచీ మీద రంగు జాకెట్టు వేసుకుని కూర్చునే ఉంది.

ఊరి మొఖం మాడిపోయింది. మనకేం తెలుసు? పేరు వచ్చిందంటే ఆడిస్తారనుకున్నాం. భజనలో అందరికీ తలా ఒక పాట వచ్చినట్టు, అందరికీ వంతు వస్తుందనుకున్నాం. గోల్ కాడ ముగ్గురు పోతారని, ఒక్కతే నిలబడుతుందని మనకెవరు చెప్పారు? హోటల్ కాడ సిద్దు నన్ను పిలిచి మరీ అన్నాడు, "ఏం రాచవ్వా, జగదేవి బెంచీకి దుమ్ము దులిపి వస్తుందా?" నవ్వకు సిద్దూ, ఆ మాట నీదే.

నాకు తల తిరిగిపోయింది. బస్సెక్కి ఏసప్ప పక్కన కూర్చుని "రాయి తమ్మీ" అన్నాను. జట్టు పెద్దల మీద ఫిర్యాదు. "పిలిచిండ్రు, తోలుకపోయిండ్రు, నా మనవరాలి ఇజ్జత్ తీసిండ్రు. ఆడిపియ్యనోళ్లు ఎందుకు పిలిచిండ్రు?" నేను చెబుతూ ఉన్నాను, ఆయన ఒక్క మాట కాదనకుండా రాశాడు. ఒక్క మాట తగ్గించలేదు. చివరికి, "బండికి స్టెప్నీ టైరు ఉంటది గదా అక్కా, అది లేకుంటే..." అని ఏదో అనబోయాడు. "నా మనవరాలు టైరా?" అన్నాను. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "జగదేవిని రానియ్యి. అది వచ్చినంక నువ్వే పోస్టుల ఎయ్యి" అన్నాడు.

పిల్ల వచ్చింది. అదే బస్సులో దిగింది. బాజాలు లేవు, ట్రాక్టరు లేదు. ఏసప్ప దాన్ని నా ముందుకు తెచ్చి, "అవ్వకు చేతులు సూపియ్యి బిడ్డా" అన్నాడు. అమ్మలారా, ఆ చేతులు నేను పెంచిన చేతులు. నాకే గుర్తు పట్టరాలేదు. వేళ్లకు పట్టీలు. అరచేతులు ఉబ్బి ఉన్నాయి. మోచేతుల కాడ తోలు లేదు. "ఇవి కూసున్న మనిషి చేతులా అక్కా?" అని అడిగాడు. నేను ఒక్కో వేలూ తడిమి చూస్తున్నాను. ఆయనే మళ్లీ అన్నాడు. "ఫోన్ల జూసి చప్పట్లు కొట్టినవు గదా, గోల్ గొట్టిన పిల్లకు. ఆ పిల్ల దినాం ఎవరి మీద గొట్టి నేర్చుకుంది? మీ జగదేవి మీద. పెద్ద గోల్‌కీపర్ ఆటకు ముందు అలసిపోవద్దని, ఆ బంతులన్నీ ఎవరు తిన్నరు? ఇగో, ఈ చేతులు తిన్నయి. లోపలికి పోయిన ప్రతి గోల్ ముందుగాల దీని అరచేతిల పడ్డదే."

ఆ ఫిర్యాదు కాగితంతో నేను ఆ పూట పొయ్యి ముట్టించాను. రొట్టెలు చేసి ముందు ఏసప్పకు పెట్టాను.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఆ ట్రాక్టరు ఊరేగింపు రోజు ఏసప్ప ఎక్కడున్నాడు? ఎవరైనా చూశారా? నేను చూశాను. మన ఊరేగింపు దారికి అడ్డం పడి బస్సు ఆగిపోయింది. లోపల జనం గొడవ చేస్తున్నారు. ఏసప్ప ఫుట్‌బోర్డు మీద నిలబడి, "లేటైతే నా జిమ్మేదారి, డిపోల నేను మాట్లాడుకుంట. ఆ బిడ్డను పోనియ్యండి" అంటున్నాడు. సర్పంచి ఎక్కాడు ట్రాక్టరు. బడి సార్లు ఎక్కారు. వీడియో తీసేవాడు కూడా ఎక్కాడు. ఏసప్పను ఎక్కమని ఎవరైనా అన్నారా? మన ఊళ్లో ఏ ఒక్కరికైనా ఆ మాట తోచిందా? మా పిల్ల గులాల్ మొహంతో పైనుంచి చెయ్యి ఊపింది. ఆయన విజిల్ ఊదాడు. అంతే. ఆ విజిల్‌లో ఎంత ఖుషీ ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. తనకు కావాల్సింది తనకు దొరికిందన్నట్టు ఊదాడు. అటువంటి మనిషిని మన రూటులో వేసినందుకు ఆ దేవుడికి, మీ దేవుడో మా దేవుడో, దండం.

నవనాథ్, ఇప్పుడు తలెత్తు. "ఎవరి భరోసా మీద పంపాలె" అని నన్ను అడిగావు. ఆయన తన మీద భరోసా పెట్టమని ఎన్నడైనా అన్నాడా? అలా అనుకుంటే గట్టు మీద ముసలిదాన్ని ఎందుకు కూర్చోబెడతాడు? పెళ్లాన్ని ఎందుకు తెస్తాడు? బాబురావు చేత లైట్లు ఎందుకు వేయిస్తాడు? ఈ పని తన ఒక్కడి మీద ఆగకూడదని మొదటి రోజే మనందరినీ అందులో కలిపాడు. ఆయన లేడని ఆట ఆపితే, ఇన్నేళ్లు మనం అక్కడ ఉత్తగా కూర్చున్నట్టే కదా? నేను ఉత్తగా కూర్చోలేదు. నేను కాపలా కాశాను.

కాబట్టి నా తీర్పు చెబుతున్నాను. సోమవారం జగదేవిని క్యాంపుకు నేను తీసుకుపోతాను. నాకు దారి తెలియదు, ఆ భాషలు రావు. నోరు ఉంది, అడుగుతాను. నిన్న ప్రేమమ్మ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేను గూడ వస్త. ఆయన ఉంటే పోయేటోడే గదా" అన్నది. ఇంట్లో దీపం ఆరిపోయి నెల కాలేదు, ఆ తల్లి బయలుదేరుతోంది. మనకేం రోగం? మొదటి రోజు నుంచి జగదేవితో ఆడిన శాలిని ఊళ్లో పిల్లల్ని ఆడిస్తానంటోంది. బాబురావు నైట్ హాల్ట్ వదలనని డిపోలో చెప్పేశాడు. గట్టు మీద కూర్చోవడానికి ముసలమ్మలకు మా నిర్ణాలో కరువా?

ఈసారి కూడా మా పిల్లను పక్కన కూర్చోబెడతారేమో. కూర్చోబెట్టనీ. ఫోన్ల ముందు నేనే అందరికీ చెబుతాను, ఆ గోల్‌లన్నీ ఎవరి చేతుల మీద నుంచి పోయాయో.

ఇక పాస్టరయ్య ప్రార్థన చేసేముందు మనమందరం లేచి ఏసప్ప కోసం కాసేపు నోరు కట్టుకుని నిలబడాలి. ఫోన్లు జేబులో పెట్టండి. పసిపిల్లల్ని ఎత్తుకోండి. ఒక్క మాట మాత్రం వినండి. రేపటి నుంచి ఆడపిల్లల్ని బీడుకు పంపననేవాళ్లు, దయచేసి లేవకండి. ఏసప్ప కోసం నిలబడి, ఏసప్ప పనిని ఇంట్లో పెట్టి తాళం వేసేవాళ్ల మౌనం ఆయనకు అక్కర్లేదు. మిమ్మల్ని నేనేమీ అనను. కూర్చునే ఉండండి, నేను చూస్తూ ఉంటాను.

లేవండి అమ్మా. లేవండి అయ్యా. సిద్దూ, నువ్వు కూడా.

నవనాథ్.

లేచావా. మంచిది బిడ్డా. తల రుమాలు తీసి చేతిలో పట్టుకో. ఇక ఎవరూ మాట్లాడకండి. నేను కూడా మాట్లాడను.